రోడ్ల ప్లానులో వానకీ ఎండకీ తుఫానుకీ లెక్క చేర్చడం ఎలా? విశాఖ చుట్టుపక్కల వాళ్ల కోసం

"మా ప్రాంతం రోడ్ల ప్లానులో వాతావరణ మార్పు గురించి కూడా రాయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. వార్డు సచివాలయాల్లో పనిచేసేవాళ్లు అడుగుతారు, కాలనీ సంఘాల పెద్దలు అడుగుతారు, ప్లానింగ్ చదివే పిల్లలు అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకేచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. చాలా ప్లానుల్లో దీనికోసం చివర్లో ఒక అధ్యాయం పెడతారు. భూమి వేడెక్కుతోంది, సముద్రం పెరుగుతోంది అంటూ నాలుగు పేజీలు ఉంటాయి. ఆ నాలుగు పేజీలూ చింపేసినా ప్లానులో ఒక్క కల్వర్టు (రోడ్డు కింద నీళ్లు పోయే దారి) సైజు కూడా మారదు. మీరు అలాంటి అధ్యాయం రాయకండి. ఏ రోడ్డు, ఏ చోట, ఎంత వానకి తెగిపోతోంది? తెగితే ఎవరు ఆగిపోతున్నారు? దాన్ని సరిచేసే మాట ఏ ఎస్టిమేటులో ఏ వరుసలో ఉంది? వీటికి జవాబు రాయగలిగితే మీ పని అయినట్టే. కింద చెప్పేదంతా ఆ జవాబుల కోసమే.

కావలసినవి

- మీ ప్రాంతం మ్యాపు, పెద్ద కాగితం మీద. గూగుల్ మ్యాపుని ప్రింట్ తీయించినా చాలు. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో గెడ్డలు (వాగులు), చెరువులు ఇంకా బాగా కనిపిస్తాయి.
- 5 మీటర్ల టేపు, సుద్దముక్క, చెరగని మార్కర్.
- తాపీమేస్త్రీలు మట్టం చూసే సన్నటి పారదర్శకమైన గొట్టం, 10 మీటర్లు.
- ఫోను. ఫోటోలో తేదీ, చోటు పడేలా ముందే సెట్టింగ్ పెట్టుకోండి.
- ఒక గీతల నోటుబుక్కు. ఎక్సెల్ తర్వాత చూసుకోవచ్చు.
- కనీసం ఇద్దరు మనుషులు. ఒక్కరే వెళ్తే కొలతలు తప్పుతాయి, నీళ్ల దగ్గర ప్రమాదం కూడా.

కన్సల్టెంటు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఈ దశలో అక్కర్లేదు. అవి అవసరమయ్యే చోటు వచ్చినప్పుడు చెబుతాను.

1. హద్దు గెడ్డని బట్టి గీయండి

వార్డు హద్దుతో మొదలుపెడితే మొదటిరోజే తప్పుదారి పడతారు. విశాఖ కొండల మధ్య ఊరు. కొండమీద పడిన వాన చూస్తుండగానే కిందికి దిగి, గెడ్డల్లో పడి, హైవేనీ రైలుకట్టనీ దాటి, హార్బరు వైపో సముద్రంలోకో పోవాలి. అది దాటే ప్రతిచోటా ఒక కల్వర్టో తూమో ఉంటుంది. మీ వీధిలో నీళ్లు నిలవడానికి కారణం రెండు వార్డుల అవతల ఉన్న తూము కావచ్చు. అందుకని మ్యాపు మీద ముందుగా నీలిరంగుతో గెడ్డలు గీయండి. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ లాంటి పేరున్నవే కాదు, ఇప్పుడు సిమెంటు కాలువలైపోయినవీ, పైన పలకలు కప్పేసినవీ కూడా గీయాలి. పాతపేర్లు సాయపడతాయి. చావులమదుం పేరులోనే మదుం ఉంది, అంటే తూము. ఊరివాళ్లు ఒక చోటుని అలా పిలిచారంటే అక్కడ నీళ్లకి దారి ఉండేదని అర్థం.

నగరం దాటి ప్రాంతం మొత్తానికి చేస్తున్నట్టయితే జిల్లా హద్దు కూడా అడ్డం వస్తుంది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. అరకు వెళ్లే రోడ్డు విశాఖలో బయల్దేరి, కొత్తవలస, శృంగవరపుకోటల దగ్గర విజయనగరం జిల్లాలో నడిచి, అనంతగిరి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి ఎక్కుతుంది. ఏజెన్సీ కొండల నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే రోగికి అది ఒకటే రోడ్డు. కాగితం మీద మాత్రం మూడు జిల్లాలది. ఘాట్‌లో కొండచరియ పడితే ఆ కబురు కింద ఉన్న బస్సు డిపోకి ఎవరు చెప్పాలో మీ ప్లానులో ఉండాలి.

2. ఆగకూడని ప్రయాణాలు రాసుకోండి

అన్ని రోడ్లనీ కాపాడలేం. కాబట్టి "ఏ రోడ్డు ముఖ్యం" అనే ప్రశ్న పక్కనపెట్టి, "ఎవరు ఎక్కడికి చేరి తీరాలి" అని అడగండి. అంబులెన్సు ఆసుపత్రికి, కరెంటు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి, పాలబండి, మంచినీళ్ల ట్యాంకరు, తుఫాను షెల్టర్‌కి వెళ్లే మత్స్యకార కుటుంబాలు, నైట్ షిఫ్టు దిగిన కార్మికులు. పది ప్రయాణాలు చాలు. ఒక్కోదానికి ఇప్పుడు వాడే దారి ఎర్రరంగుతో, మారుదారి చుక్కలతో గీయండి. ఎర్రగీత నీలిగీతని దాటే చోట్లే మీ అసలు జాబితా.

మారుదారి గీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే బైపాస్ ఉంది కాబట్టి, నగరంలో నీళ్లు నిలిస్తే లారీలు అటు మళ్లుతాయని సులభంగా రాసేస్తాం. ఆ బైపాస్ కూడా గెడ్డలు దాటే రోడ్డే. అదే వానకి మారుదారి కూడా మునిగేదైతే అది మారుదారి కాదు. రెంటినీ విడివిడిగా చూడండి.

3. నీళ్ల జ్ఞాపకాన్ని కొలతగా మార్చండి

ఈ పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఆఫీసుల్లో దొరకని సమాచారం రోడ్డుమీద మనుషుల దగ్గర ఉంటుంది. కాకపోతే వాళ్లు సెంటీమీటర్లలో చెప్పరు.

ఒక రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర ఆటోస్టాండులో అడిగినప్పుడు ఒక డ్రైవరు నాతో అన్నాడు: "ఎన్ని అడుగులొచ్చిందో నాకు తెలీదు సార్. సైలెన్సర్ మునిగితే మాత్రం బండి దింపను." సరే అని అతని ఆటో పక్కనే కూర్చుని టేపు పెట్టాం. నేల నుంచి సైలెన్సర్ గొట్టం 27 సెంటీమీటర్లు. "మరి ఏడాదికి ఎన్నిసార్లు దింపకుండా ఆగారు?" అంటే వేళ్లు లెక్కపెట్టి చెప్పాడు. ఎంత లోతో, ఎన్నిసార్లో రెండూ ఒకే మనిషి దగ్గర దొరికాయి. అదే వీధి చివర ఒక పెద్దావిడ "రెండో మెట్టు దాకా వచ్చీసింది బాబూ, బియ్యం డబ్బా మంచం మీద పెట్టీసినాం" అంది. మెట్టు ఎత్తు కొలిచాం. గోడమీద సున్నం పెచ్చు ఊడినచోట కింద గోధుమరంగు మట్టి చార ఇంకా ఉంది. ఆవిడ చెప్పిన మెట్టూ, ఆ చారా ఒకే మట్టంలో ఉన్నాయి. ఇలా రెండు సాక్ష్యాలు కలిసినప్పుడే ఆ కొలతని ప్లానులో రాయండి.

ప్రతి చోటా అడగాల్సినవి:

- నీళ్లు ఎంత లోతు? (మెట్టు, సైలెన్సర్, మోకాలు, ఏదైనా సరే, వెంటనే టేపుతో కొలవాలి)
- ఎంతసేపు నిలిచాయి? గంటా, పూటా, రెండు రోజులా?
- ఏ వైపు నుంచి వచ్చాయి, ఏ వైపుకి తీశాయి?
- ఏ తుఫానుకి, ఏ నెలలో? తారీఖు గుర్తులేకపోతే పండగతో పట్టుకోండి. దసరా ముందా, దీపావళి తర్వాతా అంటే చెప్పేస్తారు.

బస్ కండక్టర్లనీ, పాలు పోసేవాళ్లనీ, పారిశుద్ధ్య కార్మికులనీ తప్పకుండా అడగండి. తెల్లవారుజామున రోడ్డు ఎలా ఉందో చూసేది వాళ్లే.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎత్తు తేడా తెలియాలంటే మట్టం గొట్టం వాడండి. గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపండి. మొదట రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని చూడండి. నీళ్లు ఒకే మట్టంలో లేకపోతే లోపల బుడగ ఉన్నట్టే, మళ్లీ నింపండి. సరిపోయాక ఒకరు మట్టి చార దగ్గర, ఒకరు రోడ్డు మధ్యలో నిలబడి, నేల నుంచి గొట్టంలో నీళ్ల మట్టం దాకా టేపుతో కొలవండి. రెండు కొలతల మధ్య తేడాయే ఎత్తు తేడా.

ఇదంతా ఎందుకు, శాటిలైట్ ఎత్తుల మ్యాపు ఉంది కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని ఒకసారి పొరబడ్డాను. మ్యాపులో వాలు తూర్పుకి ఉంది, అందుకని తూర్పు చివర కాలువ వెడల్పు చేయాలని రాశాను. వాన పడ్డాక వెళ్లి చూస్తే నీళ్లు పడమర వైపు నిలిచి ఉన్నాయి. మధ్యలో ఎవరో కొత్తగా పొడుగాటి ప్రహరీ కట్టారు. 30 మీటర్ల గడులున్న మ్యాపులో ప్రహరీగోడ కనబడదు. ఆ మ్యాపు పెద్ద గెడ్డల దారి చూడటానికి మంచిది. వీధి మట్టానికి గొట్టాన్నే నమ్మండి.

హెచ్చరిక: వాన కురుస్తుండగా, గెడ్డ పారుతుండగా కొలతకి దిగకండి. 15 సెంటీమీటర్ల లోతు ఉన్నా వేగంగా పారే నీళ్లు పెద్దమనిషిని పడేస్తాయి. 30 సెంటీమీటర్లు చాలా కార్లని కదిలించేస్తాయి. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ బురదనీళ్లలో కనబడదు. వాన ఆగి, నీళ్లు తీశాక, తడి ఆరకముందు వెళ్లండి. చార అప్పుడే స్పష్టంగా ఉంటుంది.

4. వాన రికార్డుతో జోడించండి

మీరు సేకరించిన ప్రతి తారీఖు పక్కనా ఆ రోజు వాన ఎంత పడిందో రాయాలి. వాతావరణ శాఖ పుణే కార్యాలయం దేశమంతటికీ రోజువారీ వాన డేటా ఉచితంగా ఇస్తుంది. మండలాలవారీ ఆటోమేటిక్ కేంద్రాల లెక్కలు రాష్ట్రం దగ్గర ఉంటాయి. విశాఖలోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. వాతావరణ శాఖ వాడే మాటలనే వాడండి: 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. "ఈ అండర్‌బ్రిడ్జి భారీ వర్షానికే మూసుకుపోతోంది, ఆ కల్వర్టు అత్యంత భారీ వర్షానికి మాత్రమే" అని రాయగలిగితే ఏది ముందో ఎవరికైనా అర్థమవుతుంది. పైగా హెచ్చరిక వచ్చిన రోజే ఏ రోడ్డు మూయాలో డిపో మేనేజరుకి తెలిసిపోతుంది.

తుఫాను ఎక్కడ తీరం దాటిందో మాత్రమే చూస్తే సరిపోదు. 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తీరం దాటింది శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం దగ్గర. మర్నాటికి నీళ్లలో ఉన్నది విశాఖ.

24 గంటల లెక్కలో ఒక లోపం ఉంది. 100 మి.మీ. రోజంతా పడటం వేరు, రెండు గంటల్లో కుమ్మరించడం వేరు. కొండవాలు ఊళ్లలో ముంచేది రెండోది. గంటవారీ లెక్క దొరికితే అదే వాడండి. దొరకకపోతే "ఎంతసేపట్లో పడింది" అని మనుషుల్ని అడిగి పక్కన రాయండి.

5. తూము సరిపోతుందో లేదో చిన్న లెక్క

ఇంజినీరు చేసే లెక్క ఇదే. కానీ మీరు కూడా ఒకసారి వేసుకుంటే ప్రశ్న అడగడం తెలుస్తుంది. నీళ్లు వచ్చి చేరే ప్రాంతం ఎన్ని హెక్టార్లు, వాన గంటకి ఎన్ని మిల్లీమీటర్లు, పడినదాంట్లో ఎంత భాగం ఇంకకుండా పారుతుంది, ఈ మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకి ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది.

ఉదాహరణకి 20 హెక్టార్ల కాలనీ అనుకుందాం. అంతా సిమెంటే కాబట్టి 0.8 భాగం పారుతుంది. గంటకి 60 మి.మీ. వాన. 0.8 × 60 × 20 ÷ 360 = దాదాపు 2.7 ఘనపు మీటర్లు. కింద 900 మి.మీ. వ్యాసం ఉన్న హ్యూమ్ పైపులు (సిమెంటు గొట్టాలు) రెండున్నాయి. నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో నిండుగా పోతే ఒక్కో పైపు 1.27, రెండూ కలిపి సుమారు 2.5. కొద్దిగా తక్కువ. ఇక ఒక పైపు సగం మట్టితో పూడిపోయి ఉంటే 1.9కి పడిపోతుంది. మిగతా నీళ్లు రోడ్డెక్కుతాయి.

వాతావరణ మార్పు లెక్క చేరేది సరిగ్గా ఇక్కడ. భూమి ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ కుండపోత వానల తీవ్రత సుమారు 7 శాతం పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. ఈరోజు వేసిన కల్వర్టు యాభై ఏళ్లు ఉంటుంది. అందుకని నేను వానకి 20 శాతం పెంచి మరోసారి లెక్క వేయమంటాను. ఈ 20 ప్రభుత్వ నియమం కాదు, నేను పరీక్షకి పెట్టుకున్న అంకె. 60 కాస్తా 72 అవుతుంది, నీళ్లు 3.2 ఘనపు మీటర్లు. ఉన్న పైపులు శుభ్రంగా ఉన్నా చాలవు. ఇప్పుడు మీ వాక్యం ఇలా ఉంటుంది: "పూడిక తీస్తే ఈనాటి వానకి దాదాపు సరిపోతుంది, రాబోయే వానకి మూడో పైపు కావాలి." అధ్యాయం మొత్తం చెప్పలేనిది ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

పెద్ద గెడ్డమీద వంతెన, లేదా పోటు సమయంలో సముద్రపు నీళ్లు ఎదురుతన్నే చోటు అయితే ఈ లెక్క చాలదు. అక్కడ మాత్రం హైడ్రాలజీ (నీటి ప్రవాహాల లెక్క) తెలిసినవాళ్లే చూడాలి. వాళ్లకి ఇవ్వాల్సింది మీ నోటుబుక్కు.

6. గాలి సంగతి

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో ఇక్కడ ఉన్నవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు, రోడ్లు ఆగిపోయింది నీళ్లవల్ల కాదు, అడ్డంగా పడిన చెట్లూ స్తంభాలవల్ల. విమానాశ్రయం కప్పు దెబ్బతిని విమానాలు కొన్నిరోజులు నిలిచిపోయాయి. తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి దింపే పని చేపట్టారు. రోడ్ల ప్లానుకి అది ఎంత మేలో చాలామంది గుర్తించరు.

మీరు చేయాల్సింది: ఎర్రగీతల వెంట నడిచి, పడితే రోడ్డు మొత్తం మూసేసే చెట్టు, హోర్డింగు, సిగ్నల్ స్తంభం లెక్కపెట్టండి. వేర్ల చుట్టూ సిమెంటు పోసేసిన చెట్టు ముందు పడుతుంది, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. కొట్టేయమని రాయకండి. సిమెంటు తీసి పాదు చేయమనీ, కొమ్మలు అక్టోబరుకి ముందే కత్తిరించమనీ రాయండి. కొత్తగా నాటేటప్పుడు తురాయిలాంటి పెళుసు చెట్లు కాకుండా వేప, కానుగ అడగండి. పవర్ రంపాలు ఏ జోన్ ఆఫీసులో ఎన్ని ఉన్నాయి, పెట్రోలు ఎవరిస్తారు అన్నది కూడా ప్లానులో రాయాల్సిన విషయమే.

7. ఎండ

దీన్ని చాలామంది వదిలేస్తారు. తీరప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, మామూలుకన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వాతావరణ శాఖ వడగాలిగా చూస్తుంది. మన దగ్గర ఉక్కపోత కలిసేసరికి అంతకన్నా తక్కువకే మనిషి సొమ్మసిల్లుతాడు.

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి మీ బస్‌స్టాపుల దగ్గర నిలబడండి. కప్పు ఉందా అని కాదు, నీడ ఎక్కడ పడుతోందో చూడండి. చాలా షెల్టర్లలో మూడు దాటితే ఎండ బెంచీ మీదే ఉంటుంది, జనం వెనకాల గోడనీడలో నిలబడి బస్సు రాగానే పరుగెత్తుతారు. పడమటి వైపు ఒక తడిక, పక్కన ఒక కానుగ చెట్టు, మంచినీళ్ల కుండీ. ఖర్చు చాలా తక్కువ. రోడ్డు విషయానికొస్తే, లారీలు ఆగి కదిలే జంక్షన్లలో తారు కరిగి చక్రాల గాడులు పడతాయి. గాజువాక వైపు బరువు లారీల రూట్లలో ఇంజినీరుని తారు రకం గురించి ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడ వీజీ-30 వేస్తున్నారా, వీజీ-40 వేస్తున్నారా?" రెండోది వేడికి, బరువుకి బాగా తట్టుకుంటుంది.

8. తీరం రోడ్డు

ప్రపంచ సగటున సముద్రమట్టం 1901 నుంచి 2018 మధ్య 20 సెంటీమీటర్లు పెరిగింది. శతాబ్దం చివరికి ఇంకా పెరుగుతుంది. ఆర్కే బీచ్‌లో ఇసుక కోసుకుపోవడం, పోర్టు తవ్విన ఇసుకని మళ్లీ తెచ్చి పోయడం మనం చూస్తున్నదే. ప్లానులో దీని గురించి నేను చెప్పేది ఒక్కటే: భీమిలి వైపు ఆగకూడని ప్రయాణం ఏదీ బీచ్ రోడ్డు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. లోపలి వైపు హైవేకి కలిపే అడ్డరోడ్లు బాగుచేయించండి. రాళ్లు పోసి గట్టు కట్టండని మాత్రం తొందరపడి రాయకండి. రాళ్లు పోసినచోట ఆగిన కోత పక్క పల్లెకి జరుగుతుంది. అక్కడ వలలు ఆరబెట్టుకునే చోటు పోతుంది.

9. ఏది ముందు?

మీ జాబితాలో ఇప్పుడు ముప్పై నలభై చోట్లు ఉంటాయి. మార్కులు, శాతాలు వేసి పెద్ద పట్టిక చేయకండి. మూడు ప్రశ్నలు చాలు. ఆగకూడని ప్రయాణం ఉందా? మునగని మారుదారి ఉందా? మామూలు భారీ వర్షానికే మునుగుతోందా? మొదటిదానికి ఉంది, రెండోదానికి లేదు, మూడోదానికి అవును అంటే అది ముందు. కొండవాలు బస్తీకి ఉన్న ఒక్క మెట్లదారి ఇలా చూస్తే చాలాసార్లు పైకొస్తుంది. ట్రాఫిక్ లెక్క చూస్తే అసలు జాబితాలోకే రాదు. అక్కడ వాహనాలు లేవు, మనుషులున్నారు.

పరిష్కారం రాసేటప్పుడు చవకైనది ముందు పెట్టండి. పూడిక తీయడం, చెత్త ఆపే జాలి, అండర్‌బ్రిడ్జి గోడమీద లోతు చూపే పసుపు నలుపు కొలబద్ద, రోడ్డు మూసే గేటు, బస్సు మళ్లింపు. ఆ తర్వాతే కొత్త పైపు, పెద్ద కల్వర్టు. డబ్బు రాకపోయినా మొదటివి జరుగుతాయి.

10. ఎస్టిమేటులోకి ఎక్కించండి

ఇక్కడ ఆగిపోయే ప్లానులే ఎక్కువ. మీరు రాసింది టెండరు షరతుగా మారకపోతే కాంట్రాక్టరు చేయడు, చేయాల్సిన అవసరం కూడా అతనికి లేదు. ఇలాంటి వాక్యాలు తయారుగా పెట్టుకోండి:

- "కల్వర్టు సైజు నిర్ణయించేముందు, జతచేసిన వరద గుర్తులతో సరిచూసి, ఆ మట్టాన్ని డ్రాయింగులో చూపాలి."
- "వాన తీవ్రతకి 20 శాతం అదనంగా వేసి లెక్కించిన ఫలితాన్ని కూడా డిజైన్ నోటులో ఇవ్వాలి."
- "కొత్త తారు పొర వేసేముందు పాత పొర గీకి తీయాలి. పూర్తయిన రోడ్డు మట్టం పక్క ఇళ్ల గుమ్మాలకన్నా పైకి రాకూడదు."
- "కాలువలోంచి తీసిన పూడికని 24 గంటల్లో అక్కడినుంచి తరలించాలి."

మూడోదాన్ని అస్సలు వదలకండి. రోడ్డు పొరమీద పొర వేసుకుంటూ పోవడంవల్ల ఇళ్లు గుంటలో పడ్డ వీధులు మనకి ఎన్నో ఉన్నాయి. రోడ్డు బాగుపడింది, వాన ఇంట్లోకి వచ్చింది.

ఎవరికి ఇవ్వాలో తప్పితే కాగితం తిరుగుతూనే ఉంటుంది. 16వ నంబరు జాతీయ రహదారి అయితే జాతీయ రహదారుల సంస్థ. నగర రోడ్లు, వాననీటి కాలువలు నగరపాలక సంస్థ జీవీఎంసీ. రాష్ట్ర రోడ్లు రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ), ఊళ్ల రోడ్లు పంచాయతీరాజ్. రైలుకట్ట కింద తూము రైల్వేది. కొత్త రోడ్ల గీతలు విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ మాస్టర్ ప్లాన్‌లో ఉంటాయి. బస్సు మళ్లింపు ఆర్టీసీ డిపోది. ఒక చోటులో ఇద్దరికి బాధ్యత ఉంటే ఒకే ఉత్తరం ఇద్దరికీ, రెండు పేర్లూ పైన కనబడేలా ఇవ్వండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్ఎస్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి. పాత డిజైన్ కావాలంటే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

తరచుగా జరిగే తప్పులు

ఎండాకాలంలో సర్వే ముగించేయడం. అప్పుడు గెడ్డ అంటే ఎండిన కాలువ, అందరూ "ఇక్కడేం సమస్య లేదు" అంటారు.

మీ వీధి నీళ్లు త్వరగా పోవాలని కాలువ వెడల్పు చేయించి, కింద ఉన్న బస్తీని ముంచడం. కింద ఉన్న తూము సరిపోతుందని తేలాకే పైన వెడల్పు చేయండి. పని ఎప్పుడూ కిందినుంచి పైకి.

గెడ్డమీద పలకలు వేసి పార్కింగ్ చేయడం. పూడిక తీయడానికి ఇక దారి ఉండదు.

ఆడవాళ్లనీ, నడిచేవాళ్లనీ అడగకపోవడం. బండి దాటగలిగిన నీళ్లు స్కూలు పిల్ల దాటలేదు.

పని సరిగ్గా జరిగిందో ఎలా తెలుస్తుంది?

పని పూర్తయిన రోజు ఫోటో దేనికీ పనికిరాదు. మూడు పరీక్షలు పెట్టండి. వాన రాకముందు, ఒక ట్యాంకరు నీళ్లు పైన వదిలి, అవి ఏ వైపు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. మట్టం గొట్టంతో రోడ్డు, గుమ్మం, కాలువ అడుగు కొలిచి డ్రాయింగుతో సరిచూడండి. అసలు పరీక్ష మొదటి భారీ వర్షం. పాత చార దగ్గరే మళ్లీ కొలవండి, అదే ఆటోస్టాండులో అదే ప్రశ్న అడగండి.

నోటుబుక్కులో ఒక్కో చోటికి ఒక పేజీ. తేదీ, ఆ రోజు వాన ఎన్ని మి.మీ., నీళ్ల లోతు, ఎన్ని గంటలు నిలిచాయి, బస్సు ఆగిందా. మూడు వానాకాలాలు ఇలా రాస్తే, అంతే వానకి లోతు తగ్గిందో లేదో అంకెలే చూపిస్తాయి. తగ్గకపోతే ఆ పేజీ ఫోటోకాపీ తీసి, పైన పీజీఆర్ఎస్ నంబరు రాసి, వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు కట్టేలోపు ఇంజినీరు చేతికివ్వండి.